విశ్వం పుట్టుక: అనుమానించాల్సింది ఎక్కడ?

ఆకాశంలో అన్నిటికన్నా పాత వెలుగు తాలూకు మ్యాపులతో కుస్తీ పట్టడం నా పని. ఆ సంగతి తెలియగానే ఎవరైనా ముందు అడిగేది, "ఇంతకీ బిగ్ బ్యాంగ్ నిజమేనంటారా?" అని. అడగడం మంచిదే. కాకపోతే గట్టిగా ఉన్న చోట అనుమానపడి, నిజంగా తేలని చోటును చాలామంది వదిలేస్తున్నారు.

అపోహ: ఎక్కడో ఒకచోట బాంబులా పేలింది, ముక్కలు ఖాళీలోకి ఎగిరిపోయాయి.

ఈ పేరే కొంప ముంచింది. ఆ పేరు పెట్టింది కూడా ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, 1949లో ఒక రేడియో ప్రసంగంలో. ఒక రబ్బరు బ్యాండు తెంపి, దాని మీద పెన్నుతో ఐదారు చుక్కలు పెట్టి సాగదీసి చూడండి. ఏ చుక్క దగ్గర నుంచి చూసినా మిగతావన్నీ దూరం జరుగుతాయి, ఎంత దూరంలో ఉన్నది అంత వేగంగా. 1929లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీల్లో చూపింది ఇదే, అంతకు రెండేళ్ల ముందే బెల్జియం శాస్త్రవేత్త జార్జ్ లెమెత్ర్ లెక్కలు కట్టి చెప్పాడు. సాగుతున్నది గెలాక్సీల మధ్య చోటే (అంతరిక్షమే) కాబట్టి దీనికి కేంద్రం లేదు. బిగ్ బ్యాంగ్ ఎక్కడ జరిగిందంటే, మీరు కూర్చున్న చోట కూడా జరిగింది.

అపోహ: అంతా ఊహే, రుజువేదీ లేదు.

ఇది విన్నప్పుడు నిజంగా బాధేస్తుంది. మీ చిటికెన వేలి కొనంత చోటు తీసుకోండి, ఒక ఘన సెంటీమీటరు. అందులో ఈ క్షణాన ఆ తొలి కాలం నాటి కాంతి కణాలు 400కు పైగా ఉన్నాయి. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్లు వచ్చేసరికి వేడి 3,000 డిగ్రీలకు తగ్గి పరమాణువులు ఏర్పడ్డాయి, అప్పటిదాకా ఎటూ కదలనివ్వని పొగమంచు లాంటిది విడిపోయి వెలుగుకు దారి దొరికింది. ఆ వెలుగే సాగి సాగి ఇప్పుడు 2.725 కెల్విన్‌కు (సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్) చల్లారింది. 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రవేత్తలకు యాంటెన్నా ఎటు తిప్పినా వదలని రొదగా దొరికింది ఇదే. 1989లో ఎగిరిన కోబే ఉపగ్రహం దీన్ని కొలిస్తే, సిద్ధాంతం గీసిన వంపు మీదే కొలతలన్నీ కూర్చున్నాయి. ఆ గ్రాఫు నేను మొదటిసారి గీసుకున్నప్పుడు ఎర్రర్ బార్లు (కొలతలో తేడా ఎంత ఉండొచ్చో చూపే చిన్న గీతలు) కనబడలేదు. కోడులో ఏదో తప్పుందని గంటసేపు వెతికాను, తీరా చూస్తే అవి గీత మందంలోనే దాగి ఉన్నాయి.

హీలియం ఇంకో సాక్ష్యం. మామూలు పదార్థంలో బరువు లెక్కన పావు వంతు అదే, ఒక్క నక్షత్రాలే అంత తయారు చేసి ఉండలేవు. అందులో ఎక్కువ భాగం తొలి నిమిషాల వేడిలోనే పుట్టిందని బిగ్ బ్యాంగ్ లెక్క చెబుతుంది. అయితే ఇదే లెక్క లిథియం దగ్గర కుదరడం లేదు, పాత నక్షత్రాల్లో కనిపించేది లెక్కలో మూడో వంతే. ఇది తేలాల్సి ఉంది.

అపోహ: ఏమీ లేకపోవడంలోంచి అంతా పుట్టిందని సైన్స్ చెబుతోంది.

అలా చెప్పడం లేదు. అత్యంత వేడిగా, చిక్కగా ఉన్న దశ నుంచి విశ్వం ఎలా ఎదిగిందన్నదే బిగ్ బ్యాంగ్ కథ. అంతకన్నా వెనక్కి వెళితే ఐన్‌స్టీన్ సమీకరణాలు సాంద్రత అనంతం అంటాయి, అంటే ఆ సమీకరణాల పరిధి అక్కడితో అయిపోయింది. క్వాంటమ్ గురుత్వం (గురుత్వాకర్షణను, అతి సూక్ష్మ కణాల నియమాలను కలిపే సిద్ధాంతం) వస్తే గానీ ముందుకు అడుగు పడదు. అసలు చర్చ నడిచేది ఇక్కడే: మొదట్లో రెప్పపాటు కన్నా ఎన్నో రెట్లు తక్కువ సమయంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బిందా (1980ల మొదట్లో అలన్ గూత్ ప్రతిపాదించిన ఇన్‌ఫ్లేషన్), లేక అంతకుముందు కుంచించుకుపోయిన విశ్వమే మళ్లీ విచ్చుకుందా? నాకు ఇన్‌ఫ్లేషన్ వైపే మొగ్గు, కానీ దాన్ని రుజువైన విషయంగా చెప్పే వీడియోలను నమ్మకండి. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్2 టెలిస్కోపు బృందం దాని ఆనవాలు దొరికిందని ప్రకటించింది, ఏడాది తిరక్కముందే అందులో చాలా భాగం మన గెలాక్సీ దుమ్ము నుంచి వచ్చిందని తేలింది. ఆ దుమ్మును మ్యాపుల్లోంచి తీసేయడంతోనే మా రోజుల్లో సగం గడుస్తుంది.

అపోహ: జేమ్స్ వెబ్ టెలిస్కోపు బిగ్ బ్యాంగ్‌ను కొట్టేసింది.

లేదు. విశ్వానికి 30 కోట్ల ఏళ్ల వయసప్పుడే అనుకున్నదానికన్నా ప్రకాశవంతమైన గెలాక్సీలు కనిపించాయి, అంతే. తొలి నక్షత్రాలు ఎంత జోరుగా పుట్టాయన్నదే ఇప్పుడు సరిచూస్తున్నారు.

అపోహ: శాస్త్రవేత్తలు తమలో తమకున్న తేడాలు దాచేస్తారు.

మా మధ్య అన్నిటికన్నా పెద్ద గొడవ బాహాటంగానే నడుస్తోంది. విశ్వం ఎంత వేగంగా సాగుతోందని పాత వెలుగును అడిగితే మెగాపార్సెక్‌కు (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు 67 కిలోమీటర్లు అంటుంది, దగ్గరి గెలాక్సీల్లో పేలిన సూపర్‌నోవాలను అడిగితే దాదాపు 73 అంటాయి. రెండు పక్షాల వాళ్లూ ఏళ్ల తరబడి ఒకరి కొలతలు ఒకరు తిరగేస్తున్నారు. జేమ్స్ వెబ్‌తో సెఫీడ్ నక్షత్రాలను (వెలుగు పెరిగి తగ్గే తీరును బట్టి దూరం లెక్కగట్టేందుకు వాడేవి) మళ్లీ కొలిచినా ఆ తేడా పోలేదు. నా మట్టుకు నాకు దీనంత టెన్షన్, దీనంత ఆశ పుట్టించే సమస్య ఈ రంగంలో ఇంకొకటి లేదు.