నాలుగో తరగతి నుంచి ఒకటికి: ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ బడిలో నేను కొన్నేళ్లు నాలుగో తరగతికి చెప్పి, ఇప్పుడు ఒకటో తరగతికి మారాను. ఇంట్లో తెలుగో స్పానిషో అరబిక్కో మాట్లాడే పిల్లలు రెండు చోట్లా ఉన్నారు. తోటి టీచర్ల నుంచి, మన తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: కింది తరగతికి మారితే పని తేలిక.

వాస్తవం: పాఠం చిన్నది, పని కాదు. నాలుగో తరగతిలో పిల్లలకు చదవడం వచ్చన్న నమ్మకంతో పాఠం మొదలుపెడతాం. ఇక్కడ ఆ చదవడమే నేర్పాలి. పాత వర్క్‌షీట్లు అటకెక్కాల్సిందే.

అపోహ: ఒకటో తరగతిలో అందరూ అక్షరాల దగ్గరే ఉంటారు, ఇంగ్లిష్ రానివాళ్లకు వేరే సాయం ఎందుకు?

వాస్తవం: అక్షరాలు కూడబలుక్కోవడం త్వరగానే వస్తుంది. గుణింతాలు దిద్ది వచ్చిన మన పిల్లలైతే కొందరు పేజీ మొత్తం గడగడా చదివేస్తారు. కథలో ఏం జరిగిందని అడిగితే నవ్వి ఊరుకుంటారు. తడుముకోకుండా చదివేవారి మీద టీచర్ దృష్టి పడదు, అదే చిక్కు. అందుకే చదివాక బొమ్మలు వరసలో పెట్టమంటాను, సగం వాక్యం నేను చెప్పి మిగతాది వాళ్లను పూరించమంటాను.

అపోహ: ఆటస్థలంలో గలగలా మాట్లాడుతున్నారు, ఇక భాష వచ్చేసినట్టే.

వాస్తవం: నాలుగో తరగతిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అపోహ ఇదే. మాటల ఇంగ్లిష్ వేరు, పాఠాల ఇంగ్లిష్ వేరని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పారు. మొదటిదానికి సుమారు రెండేళ్లు, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన అంచనా. ఈ లెక్క తెలియనివాళ్లు నాలుగో తరగతి పిల్లలకు బద్ధకస్తులని పేరు పెడతారు. ‘సీత దగ్గర 12 గోళీలున్నాయి, అవి రవి గోళీల కన్నా 3 తక్కువ. రవి దగ్గర ఎన్ని?’ అన్న లెక్క ఇంగ్లిష్‌లో ఇస్తే, ‘తక్కువ’ అనే మాట ఒక్కటే పట్టుకుని 9 అని రాస్తారు. ఇంగ్లిష్ ఇంటి భాషైన పిల్లలూ ఇక్కడ జారతారు, వీళ్లు ఇంకా ఎక్కువగా. తీసివేత రాక కాదు, వాక్యం అందక.

అపోహ: నోరు విప్పడం లేదంటే ఏదో లోపం ఉంది.

వాస్తవం: కొత్తగా వచ్చిన పిల్లలు వారాలు, ఒక్కోసారి నెలలు వింటూ గడుపుతారు. ప్రత్యేక విద్య ఊసెత్తే ముందు, ఇంటి భాషలో ఎలా మాట్లాడుతున్నారో వాళ్ల అమ్మను అడగండి.

అపోహ: ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లిష్ త్వరగా వస్తుంది.

వాస్తవం: రాదు. తెలుగులో కథ చెప్పగల పిల్లలు ఇంగ్లిష్ కథ పోకడనూ ఇట్టే పట్టుకుంటారు.

అపోహ: బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారంలో ‘ఇంగ్లిష్’ అని రాస్తే మేలు.

వాస్తవం: పిల్లలపై ముద్ర పడుతుందన్న భయంతో మనవాళ్లు ఈ పని చేస్తుంటారు. అర్థం కాని భాషలో అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఉన్నంత మాత్రాన అది సమానత్వం కాదని శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. కాబట్టి ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు బడి చేసే సాయం దయ కాదు, హక్కు. తెలుగు అని రాసినంత మాత్రాన ఎవరినీ ఎక్కడా వేయరు, ముందు పరీక్ష పెడతారు. ఆ తర్వాత కూడా తల్లిదండ్రులు ఇంగ్లిష్ సాయపు తరగతులు వద్దనవచ్చు. అయితే భాష పూర్తిగా వచ్చిందని తేలేదాకా టెల్పాస్ (ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు టెక్సస్ ఏటా పెట్టే భాషా పరీక్ష) మాత్రం తప్పదు.