యుద్ధం నుంచి ఇంటికొచ్చాక: అపోహలు - వాస్తవాలు

నేను కోస్తా ఆంధ్రలో మానసిక వైద్యుణ్ణి. మా వైపు సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు లేని ఊరు అరుదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్ళారు. విశాఖ సంగతి చెప్పక్కర్లేదు, నేవీ ఊరే. అయినా నా ఓపీకి వచ్చే మాజీ సైనికులెవరూ "యుద్ధం చూశాను, అందుకే ఇబ్బంది పడుతున్నాను" అని మొదలుపెట్టరు. నిద్ర లేదంటారు, గుండె దడ అంటారు, గ్యాస్ అంటారు. పక్కన కూర్చున్న భార్య "కోపం ఎక్కువండీ, మందు కూడా..." అని మెల్లగా అందుకుంటుంది. యుద్ధం మాట మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పటికే చుట్టాలు, స్నేహితులు, ఒక్కోసారి డాక్టర్లు కూడా చెప్పిన తప్పుడు మాటలు ఆ ఇంట్లో పాతుకుపోయి ఉంటాయి. నేను తరచుగా వినేవి ఇవి.

అపోహ: గుండె ధైర్యం ఉన్నవాడికి ఇలాంటివి రావు.

వాస్తవం: ఈ మాట చేసినంత చెరుపు ఇంకేదీ చెయ్యలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నెలల తరబడి ఫిరంగి గుండ్ల కింద గడిపిన సైనికులు మాట పడిపోయి, కాళ్ళూ చేతులూ వణుకుతూ ఆస్పత్రులకు వచ్చారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ డాక్టరు దీని గురించి 'షెల్ షాక్' పేరుతో వైద్య పత్రికలో రాశాడు. అదే యుద్ధంలో, పారిపోయారనీ పిరికితనం చూపారనీ బ్రిటిష్ సైన్యం తన తరఫున పోరాడిన 306 మందిని నిలబెట్టి కాల్చేసింది. వాళ్ళలో ఈ జబ్బుతో ఉన్నవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వం వాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది 2006లో. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా సైనిక వైద్యులు లెక్క వేసి చూశారు. 200 నుంచి 240 రోజులు పోరాటంలో ఉంటే పదాతి సైనికుడు ఎంత గట్టివాడైనా చేతులెత్తేస్తున్నాడని తేలింది. మనిషి ఎంత ప్రమాదంలో ఎంతకాలం ఉన్నాడన్నదే ఇక్కడ అన్నిటికన్నా పెద్ద లెక్క.

సరిహద్దులో చిన్న చప్పుడుకే నేలకు కరుచుకున్నవాడు బతికాడు. శరీరానికి ఆ అలవాటు పట్టింది. ఇంటికొచ్చామని దానికి తెలియదు. నా గదిలో పేషెంటు కుర్చీ వెనకే తలుపు ఉంటుంది. కొందరు కుర్చీని పక్కకు లాగి, వీపు గోడకు ఆనేలా, తలుపు కనబడేలా వేసుకున్నాకే కూర్చుంటారు. ఎందుకలా చేశారని అడిగితే, కుర్చీ జరిపిన సంగతే వాళ్ళు గమనించి ఉండరు. ఇళ్ళల్లో భార్యలకు ఇంకో సంగతి తెలుసు. నిద్రలో ఉన్న ఆయన్ని భుజం తట్టి లేపకూడదు. మంచానికి కాళ్ళ వైపు, చెయ్యి అందనంత దూరంలో నిలబడి "ఏవండీ" అని పిలవాలి. ఇది వాళ్ళకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఒకసారి గొంతు మీద చెయ్యి పడ్డాక నేర్చుకున్నారు.

అపోహ: యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళంతా ఎంతో కొంత తేడాగానే ఉంటారు.

వాస్తవం: ఉండరు. వియత్నాంలో పనిచేసి వచ్చిన అమెరికన్ల మీద 1980లలో పెద్ద సర్వే జరిగింది. మగవాళ్ళలో దాదాపు 31 శాతానికి ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత పీడకలలు, ఉలికిపాట్లు వదలని జబ్బు, వచ్చింది. సర్వే నాటికి ఇంకా దాంతో బాధపడుతున్నవాళ్ళు 15 శాతం. అంటే ఎక్కువమందికి రానే లేదు, వచ్చినవాళ్ళలోనూ సగం మంది దాన్నుంచి బయటపడ్డారు. సంబంధాలు చూసేటప్పుడు "మిలటరీ మనిషి, తిక్క ఉంటుందేమో" అని వెనకాడటం, ఏటీఎం దగ్గర గార్డు పనికి తప్ప ఇంక దేనికీ పనికిరాడన్నట్టు చూడటం అన్యాయం.

అపోహ: రెండు పెగ్గులు వేసుకుని పడుకుంటాడు, వదిలెయ్యండి.

వాస్తవం: మందు త్వరగా నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ కలలు వచ్చే నిద్రను రాత్రి మొదటి సగంలో అణిచిపెడుతుంది. మత్తు దిగాక, తెల్లవారుజామున, ఆ కలలన్నీ ఒక్కసారి మీద పడతాయి. దాంతో మర్నాడు ఇంకో పెగ్గు పెరుగుతుంది. మిలటరీ క్యాంటీన్‌లో ఇచ్చే మందు కోటా సరిపోక బయట కొనడం మొదలైందంటే ఇంట్లోవాళ్ళు మేలుకోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలమ్ లాంటి నిద్రమాత్రలదీ ఇదే దారి. పైగా ఆ మాత్రలూ మందూ కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. డీ-అడిక్షన్ సెంటరులో నెల రోజులు ఉంచి, పీడకలల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇంటికి పంపితే మళ్ళీ తాగుతాడు. రెండింటికీ కలిపి వైద్యం చెయ్యాలి.

అపోహ: శత్రువును చంపడం డ్యూటీ. అందులో బాధపడటానికేముంది?

వాస్తవం: 1987 నుంచి 1990 దాకా మన శాంతి సేన శ్రీలంకలో పనిచేసింది, తమిళ పులులతో పోరాడాల్సి వచ్చింది. అక్కడ శత్రువుకు యూనిఫారం లేదు. ఎదురొచ్చే లుంగీ మనిషి రైతో కాదో తెలియదు. రోడ్డు కింద ఏ మందుపాతర ఉందో తెలియదు. మన సైనికులు దాదాపు 1200 మంది అక్కడే పోయారు. తిరిగొచ్చినవాళ్ళకు ఊళ్ళో చెప్పుకోవడానికి గెలుపు కథ కూడా లేదు. ఆ తరం వాళ్ళకు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ. తమ మీదికొచ్చిన తూటాల కన్నా, తాము కాల్చాక దగ్గరికెళ్ళి చూసిన ముఖమో, కాపాడలేకపోయిన తోటివాడి కేకో వాళ్ళను ఎక్కువగా వెంటాడుతుంది. వియత్నాం సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే సైకియాట్రిస్టు దీన్ని 'మోరల్ ఇంజ్యురీ', అంటే మనస్సాక్షికి తగిలిన గాయం, అన్నాడు. ఇది భయంతో వచ్చే జబ్బు కాదు, భయానికిచ్చే వైద్యం ఒక్కటే దీనికి చాలదు.

కురుక్షేత్రం గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్ళూ ద్రౌపదీ ఎంత వాదించినా ఆ దుఃఖం తీరలేదు. చివరికి అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి వెళ్ళి, తన సందేహాలన్నీ ఒక్కొక్కటీ అడిగి వినాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి విషయం నోరు తెరిచి చెబితే "నీ తప్పేం లేదులే" అని మధ్యలో తుంచెయ్యకండి. ఓదార్చాలనే అంటారు, కానీ ఆ మాటతో ఆయన నోరు మూతపడుతుంది. చివరిదాకా వినండి.

అపోహ: యుద్ధం సరిహద్దుల్లో జరిగేది. తెలుగువాళ్ళ ఇళ్ళదాకా ఎప్పుడొచ్చింది?

వాస్తవం: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు.

అంతకన్నా పెద్ద దెబ్బ బర్మాలో తగిలింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి తరతరాలుగా మనవాళ్ళు కూలికి రంగూన్ వెళ్ళేవారు. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకు దొరికింది. మిగిలినవాళ్ళు నడిచారు. కొందరు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు సరిహద్దు ఊరు తమూ దాటి మణిపూర్ వైపు. మొత్తం నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా వదిలారని అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే పోయినవాళ్ళు పదుల వేలు.

ఇల్లు చేరినవాళ్ళకు ఇక్కడ పని లేదు, పొలం లేదు. ఆ కుటుంబాల మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు నా దగ్గర వాళ్ళ మామ్మల గురించి చెబుతుంటారు. బియ్యం డబ్బా సగానికి దిగితే చాలు ఆవిడకు కంగారు పుట్టేదట. మంచం కింద, అటక మీద, పాత చీరల మధ్య బియ్యం మూటలు దాచేదట. దారిలో పోయిన బిడ్డ గురించి మాత్రం చచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదట. ఇంట్లోవాళ్ళు దాన్ని పిసినారితనం అనుకున్నారు.

బర్మా జపాన్ చేతికి చిక్కడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. బెంగాల్ తీరంలో పడవలు, బియ్యం శత్రువుకు చిక్కకూడదని సర్కారు లాక్కుంది. ధరలు చుక్కలనంటాయి. ఇవీ ఇంకా కొన్నీ కలిసి 1943లో బెంగాల్ కరువు వచ్చి, దాదాపు 30 లక్షల మందిని మింగింది. తుపాకీ చూడకుండానే యుద్ధానికి బలైనవాళ్ళు వీళ్ళంతా.

అపోహ: కాల్పులు ఆగితే జనం మామూలైపోతారు.

వాస్తవం: యుద్ధం జరిగిన ప్రాంతాల్లో ఐదుగురిలో ఒకరికి పైగా మానసిక సమస్యలతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్క ఇచ్చింది. లావోస్‌నే తీసుకోండి. 1964 నుంచి 1973 వరకు అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. వాటిలో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులు సుమారు 27 కోట్లు, 30 శాతం దాకా అప్పట్లో పేలలేదు. అవి ఇంకా పొలాల్లోనే ఉన్నాయి. ఆ రైతు గడ్డపార వేసే ప్రతిసారీ భయపడుతున్నాడంటే దాన్ని జబ్బు అనలేం. ముందు ఆ పొలం శుభ్రం చెయ్యాలి.

మన దగ్గరికి వస్తే, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లలు బంకర్లలో, మెట్రో స్టేషన్లలో రోజులు గడిపి, పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటి వచ్చారు. ఎయిర్‌పోర్టులో దండలు వేశాం, ఫొటోలు తీసుకున్నాం. ఆ తర్వాత? దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని గదిలో కూర్చున్నవాళ్ళు ఉన్నారు. అంతకు మించి, చదువు మధ్యలో ఆగి, నాన్న చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటే వచ్చే టెన్షన్ వాళ్ళను ఎక్కువ కుంగదీసింది. పీడకలకు మాత్ర రాసిచ్చి కాలేజీ ట్రాన్స్‌ఫర్ సంగతి అడగకపోతే అది సగం వైద్యమే.

అపోహ: పిల్లలకేం తెలుస్తుంది, మర్చిపోతారు.

వాస్తవం: 1939 సెప్టెంబరులో బ్రిటన్ లక్షలాది పిల్లలను బాంబుల భయంతో నగరాల నుంచి పల్లెలకు పంపింది. యుద్ధ కాలంలో లండన్‌లో పిల్లల నర్సరీలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగమ్ గమనించింది ఏమిటంటే, బాంబుల కన్నా అమ్మకు దూరం కావడమే పిల్లలను ఎక్కువ దెబ్బతీసింది. తల్లి పక్కనుండి నిబ్బరంగా ఉంటే పిల్ల కూడా చాలావరకు తట్టుకుంది. ఇక కడుపులో ఉన్న పిల్లల సంగతి. 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. అప్పుడు తల్లి గర్భంలో ఉన్నవాళ్ళలో యాభై ఏళ్ళ తర్వాత షుగరు, గుండె జబ్బుల ముప్పు ఎక్కువగా కనబడింది.

అపోహ: అమరుడి కుటుంబానికి పింఛను, స్థలం వచ్చాయి కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: మనకు విగ్రహాలు పెట్టడం తెలుసు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్ బాబుకు సూర్యాపేటలో పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా. కానీ ఏ ఊళ్ళోనైనా ఆ దండలు వాడిపోయాక, పరిహారం డబ్బు విషయంలో అత్తింటికీ పుట్టింటికీ మధ్య నలిగిపోయే పాతికేళ్ళ భార్య గోడు వినేవాళ్ళుండరు. మనిషి కనిపించకుండా పోయిన ఇళ్ళు ఇంకా నరకం. 1971 యుద్ధం తర్వాత ఆచూకీ దొరకని మన సైనికుల జాబితాలో 54 పేర్లున్నాయి. ఆ ఇళ్ళల్లో కర్మ చెయ్యాలో వద్దో తెలియక తల్లిదండ్రులు ముసలివాళ్ళై వెళ్ళిపోయారు.

అపోహ: జరిగిన వెంటనే కూర్చోబెట్టి మొత్తం చెప్పించేస్తే మనసు తేలికవుతుంది.

వాస్తవం: మంచి ఉద్దేశంతో చాలామంది కౌన్సెలర్లు చేసే పని ఇది. ఘటన జరగ్గానే ఒక్క సిట్టింగులో అంతా తవ్వి తియ్యడం వల్ల పీటీఎస్‌డీ ఆగదని, కొందరికి ఇంకా ముదురుతుందని అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2002 నాటి కోక్రేన్ సమీక్షలోనే తేలింది. మొదటి రోజుల్లో కావాల్సింది తిండి, భద్రత, ఇంటికి ఫోను, పక్కన తెలిసిన మనిషి. తనంతట తాను మాట్లాడితే వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు. నెల దాటినా తగ్గకపోతే అప్పుడు వైద్యం.

అపోహ: ముప్పై ఏళ్ళయింది, ఇప్పుడు వైద్యం దండగ.

వాస్తవం: ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ హడావుడిలో అణిగి ఉన్నది రిటైరయ్యాకో, భార్య పోయాకో, మతిమరుపు మొదలయ్యాకో పైకి రావడం మేం చూస్తూనే ఉంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళకు డెబ్బై ఏళ్ళ వయసులో పీడకలలు తిరగబెట్టాయి. కార్గిల్‌లో ఇరవై రెండేళ్ళకు కొండలెక్కిన కుర్రాళ్ళకు ఇప్పుడు యాభై దగ్గర పడుతోంది. వాళ్ళ వంతు ఇప్పుడిప్పుడే వస్తోంది.

వైద్యం ఉంది, పనిచేస్తుంది. ఆ జ్ఞాపకాన్ని ఒక పద్ధతి ప్రకారం, మెల్లగా, మళ్ళీ మళ్ళీ ఎదుర్కొనేలా చేసే చికిత్సకు సాధారణంగా 8 నుంచి 15 సిట్టింగులు పడతాయి. ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళను అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ అనే పద్ధతీ ఉంది. సెర్ట్రలిన్ లాంటి మందులు చాలామందికి ఉపయోగపడతాయి, అవి అలవాటుగా మారే నిద్రమాత్రలు కావు. పింఛను ఉన్న మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద మానసిక వైద్యం కూడా వస్తుంది, పాలీక్లినిక్‌లో రిఫరల్ అడగండి. ఇంట్లో నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఆయన ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో రాసుకెళ్ళండి. సియాచిన్, కుప్వారా, జాఫ్నా, ఏదైతే అది. రాత్రిళ్ళు ఏం అరుస్తారో, వారంలో ఎన్నిసార్లో, మందు ఎంత తాగుతున్నారో కూడా రాయండి. బీపీ చూసి, గ్యాస్ మాత్ర రాసి పంపించేసే హడావుడి ఓపీలో డాక్టరు ఈ ప్రశ్నలు అడగకపోవచ్చు. ఆ కాగితం ముందు పెడితే అడుగుతారు.