మట్టికి దక్కిన హోదా: బర్గండీ వైన్ శ్రేణుల వెనుక కథ

ఒక సీసా మీద 'షాంబెర్తాన్' అని ఉంటుంది. పక్క సీసా మీద 'జెవ్రే-షాంబెర్తాన్' అని ఉంటుంది. పేరు పొడవు చూసి రెండోదే గొప్పదనుకుంటే పొరపాటు. మొదటిది గ్రాండ్ క్రూ, అంటే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు అత్యున్నత శ్రేణి. రెండోది ఊరి పేరుతో అమ్మే వైన్, రెండు మెట్లు కిందిది. ఈ తికమక 1847లో మొదలైంది. తన పొలిమేరలోని మేటి తోట పేరును తన పేరుకు చేర్చుకునేందుకు జెవ్రే గ్రామం ఆ ఏడాది రాజు లూయీ ఫిలిప్ అనుమతి పొందింది. 1879లో పులిన్యి, షసాన్య గ్రామాలూ అదే దారి పట్టాయి. మోంరాషే అనే తోట ఆ రెండు ఊళ్ల సరిహద్దు మీద ఉంది కనుక రెండూ ఆ పేరే తగిలించుకున్నాయి.

బర్గండీలో మెట్లు నాలుగు. అడుగున మొత్తం ప్రాంతం పేరుతో వచ్చే వైన్, ఉత్పత్తిలో దాదాపు సగం అదే. దానిపైన ఊరి పేరు, ఆపైన ఊరి పేరుతో పాటు తోట పేరు కూడా రాసుకునే ప్రీమియే క్రూ. శిఖరాన 33 గ్రాండ్ క్రూలు, అన్నీ కలిపినా ఉత్పత్తిలో ఒక శాతం దరిదాపుల్లోనే. వీటిలో దాదాపు అన్నింటికీ ఊరి పేరుతో పని లేదు, తోట పేరు ఒక్కటే చాలు. ఇక్కడ హోదా మనిషిది కాదు, వైన్ తయారుచేసే సంస్థదీ కాదు, మట్టిది. ఇది గ్రహిస్తే మిగతా చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

మన పల్లెల్లో ఒక్కో చేనుకు ఒక్కో పేరున్నట్టే అక్కడా ప్రతి తోట ముక్కకూ పేరుంది. దాన్ని 'క్లిమా' అంటారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన క్లిమాలు 1,247. కోత్ దోర్ అనే సన్నని కొండవాలులో నడిమి భాగానికి సున్నపురాయి నేల, నీరు నిలవని వాటం, ఉదయపు ఎండ మూడూ కలిసొచ్చాయి. కింద మైదానంలో మట్టి బరువు, తేమ ఎక్కువ. 1098లో సీతో మఠం స్థాపించిన సిస్టర్షియన్ సన్యాసులు తరాల తరబడి సాగు చేస్తూ ఈ తేడాలను గుర్తించారు. వారు మట్టిని నాలుకతో రుచి చూసేవారన్నది కట్టుకథే కావచ్చు. వారి ఓపిక మాత్రం నిజం, ఆ ఓపిక ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

ఆ సన్యాసులు గోడ కట్టి కాపాడిన క్లో ద వూజో తోట దాదాపు 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవం చర్చి ఆస్తులను జాతీయం చేసి వేలం వేసింది. తర్వాత నెపోలియన్ కాలపు చట్టం ఆస్తిని సంతానమందరికీ సమంగా పంచమంది. ఇప్పుడు ఆ ఒక్క తోటకు సుమారు 80 మంది యజమానులు. గోడ లోపలిదంతా గ్రాండ్ క్రూయే, రోడ్డు పక్కన పల్లంలో ఉన్న వరుసలతో సహా. అజాగ్రత్తపరుడి సీసా మీదా, దీక్షగా పనిచేసినవాడి సీసా మీదా అదే మాట. ఈ పద్ధతి నాకు ఎంత ఇష్టమైనా, దీని న్యాయం సగమేనని ఒప్పుకోక తప్పదు. లేబుల్ మీద తోట పేరు తర్వాత చూడాల్సింది రైతు పేరే.

1855లో డాక్టర్ లావాల్ ఈ తోటలను తరగతులుగా విభజించి ప్రచురించారు. 1861లో బోన్ పట్టణపు వ్యవసాయ సంఘం ఆ వర్గీకరణను మరింత స్థిరపరిచింది. అదే 1855లో బోర్డో ప్రాంతంలో వచ్చిన ప్రసిద్ధ జాబితా దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ దళారులు మార్కెట్ ధరలు చూసి ఎస్టేట్లకు ర్యాంకులిచ్చారు. ఎస్టేటు పక్క పొలం కొని కలుపుకున్నా హోదా మారదు. బర్గండీలో అది కుదరదు.

అయితే పేరుకు చట్టబద్ధమైన కాపలా అంత తేలికగా రాలేదు. 19వ శతాబ్దం చివర ఫిలోక్సెరా పురుగు తోటలను నాశనం చేసింది. సరుకు కరువైనప్పుడు దక్షిణ ఫ్రాన్స్, అల్జీరియా వైన్లు కలిపి బర్గండీ పేర్లతో అమ్మేవారు. 1905, 1919 చట్టాలతోనూ మోసం ఆగలేదు. మార్కీ దాంజర్‌విల్, ఆన్రీ గూజ్ వంటి పెంపకందారులు వర్తకులకు ఎదురు నిలిచారు. వ్యాపారం చెడినా వెనక్కి తగ్గక, తమ వైన్‌ను తామే సీసాల్లో నింపి అమ్ముకున్నారు. 1935 నాటి చట్టం జాతీయ అపెలేషన్ల (చట్టం కాపాడే ప్రాంతపు పేర్ల) సంఘాన్ని ఏర్పరచింది. 1936 నుంచి ఒక్కో తోటకు హద్దులు, ద్రాక్ష రకం, దిగుబడి పరిమితి ఖాయమయ్యాయి. అంత పోరాడిన గూజ్ సొంత ఊరు నుయీ-సాన్-జార్జ్‌కు మాత్రం ఒక్క గ్రాండ్ క్రూ కూడా దక్కలేదు.

ప్రీమియే క్రూ శ్రేణికి అధికారిక రూపం వచ్చింది 1943లో, జర్మన్ ఆక్రమణ నడుమ. ఆ హోదా ఉన్న వైన్‌ను జర్మన్లు చవకగా లాక్కోకుండా కాపాడుకోవచ్చన్న ఆలోచన దాని వెనుక ఉందని అక్కడివారు చెబుతారు. దక్షిణాన ఉన్న మాకోన్ ప్రాంతం మొదట్లో ఆక్రమణకు బయట ఉండటంతో ఆ తొందర పడలేదంటారు. కారణం ఏదైనా, అక్కడి పుయీ-ఫ్విసే తోటలకు ప్రీమియే క్రూ లేకుండానే దశాబ్దాలు గడిచాయి. రైతులు ఏళ్ల తరబడి నేలలను పరీక్షించి, పత్రాలు సిద్ధం చేసి, వాదించాక, 2020 కోత నుంచి 22 క్లిమాలకు ఆ మాట లేబుల్ మీద రాసుకునే హక్కు దక్కింది.