ఏసీ లేని ఇంట్లో వడగాలుల రోజులు: అపోహలు - వాస్తవాలు

ఇంట్లోకి వేడి ఎటు నుంచి వస్తోంది, ఏ వేళకు వస్తోంది అని కొలిచి చెప్పడం నా పని. మామూలు థర్మామీటర్లు, గాలిలో తేమను చూపే మీటరు, గోడలూ కప్పూ ఎంత వేడెక్కాయో ముట్టుకోకుండానే చెప్పే ఇన్‌ఫ్రారెడ్ పరికరం పట్టుకుని గదులన్నీ తిరుగుతాను. ఏసీ లేని ఇళ్లలో ఎక్కడికి వెళ్లినా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. శుద్ధ అబద్ధాలతో పెద్ద ఇబ్బంది లేదు, వివరంగా చెబితే వదిలేస్తారు. సగం నిజాలతోనే చిక్కంతా.

అపోహ: వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్లకే, ఇంటి పట్టున ఉంటే భయం లేదు

2021 జూన్ చివర్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాను వేడి ముంచెత్తినప్పుడు 619 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 98 శాతం ఇళ్లూ భవనాల లోపలే జరిగాయని అక్కడి మరణ విచారణాధికారులు తేల్చారు. మృతుల్లో ఎక్కువ మంది వృద్ధులు, సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవారు. ఎండలో పనిచేసేవారికి ముప్పు లేదని కాదు. వారికి వడదెబ్బ గంటల్లో తగులుతుంది. ఇంట్లో ఉన్న పెద్దవారికి రెండు మూడు రోజుల పాటు ఒంట్లో వేడి, అలసట పేరుకుంటూ వస్తాయి, ఎవరూ గమనించరు. అందుకే వడగాలుల రోజుల్లో ఒంటరిగా ఉన్న పెద్దవారిని ఫోనులో పలకరించి ఊరుకోకుండా వెళ్లి చూడమంటాను. గది ఎంత వేడిగా ఉందో ఫోనులో తెలియదు. పైగా వయసు మీదపడ్డాక దాహమూ, ఉక్కపోతా తక్కువగా తెలుస్తాయి కాబట్టి, 'బాగానే ఉన్నాను' అనే జవాబును నమ్మలేం.

అపోహ: మధ్యాహ్నం గడిస్తే గండం గడిచినట్టే

నా పనిలో అన్నిటికంటే ఎక్కువసార్లు విడమరిచి చెప్పాల్సి వచ్చేది ఇదే. కాంక్రీటు కప్పు మీద పడిన ఎండ వెంటనే లోపలికి రాదు. మందాన్ని బట్టి కొన్ని గంటలు పట్టి, సాయంత్రానికి గాని కప్పు అడుగు భాగం బాగా వేడెక్కదు. మందమైన ఇటుక గోడకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. బయట గాలి చల్లబడుతున్న వేళకు లోపల కప్పు వేడి కక్కడం మొదలుపెడుతుంది. పై అంతస్తుల వాళ్లు రాత్రి పదింటికి కూడా ఉడికిపోయేది అందుకే.

ఇంకో సంగతి. మన ఒంటికి తగిలే వేడిలో గాలి వేడి ఒక భాగమే. గోడలు, కప్పు నేరుగా మన మీదికి ప్రసరించే వేడి దాదాపు అంతే ఉంటుంది. థర్మామీటరు 33 డిగ్రీలు చూపుతున్నా, తల మీది కప్పు 42 దగ్గర ఉంటే ఒంటికి ఆ గది 33లా ఉండదు.

గది ఉష్ణోగ్రతను పగలు 32 డిగ్రీలకు, రాత్రి 24 డిగ్రీలకు లోపు ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఏసీ లేకుండా వడగాలుల్లో రాత్రి 24 అంటే చాలా ఇళ్లకు అందని మాట, ఒప్పుకుంటాను. కానీ రాత్రికి పెట్టిన హద్దు పగటి కంటే అంత తక్కువ ఎందుకో గమనించండి. పగలంతా పడ్డ శ్రమ నుంచి శరీరం తేరుకోవాల్సింది నిద్రలోనే. అందుకని నేను మొదట అడిగేది పడక సంగతి. కింది అంతస్తులోనో, పడమటి గోడకు దూరంగానో పడుకునే వీలుంటే, ఆ కొద్ది రోజులు మంచం అక్కడికి మార్చండి. రూపాయి ఖర్చు లేదు.

కాస్త ఖర్చు పెట్టగలిగితే కప్పుకు తెల్ల రంగు. ముదురు రంగు కప్పు తన మీద పడ్డ ఎండలో చాలావరకు పీల్చుకుంటుంది, తెల్లది చాలావరకు తిప్పికొడుతుంది. అయితే దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. వేసవి ముందు ఒకసారి కడగకపోతే వేసిన రంగులో సగం వృథా.

అపోహ: గాలి ఆడాలంటే కిటికీలు పగలంతా తెరిచే ఉంచాలి

దీనికి నా జవాబు రెండు చవక థర్మామీటర్లు. ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో. లోపలి కంటే బయట వేడిగా ఉన్నంతసేపూ కిటికీలు మూసేయండి. బయట చల్లబడిన గడియ నుంచి తెల్లవారేదాకా బార్లా తెరవండి, వీలైతే ఎదురెదురు దిక్కుల్లో. ఒక వైపే కిటికీ ఉంటే, రాత్రిపూట అందులో ఫ్యానును బయటికి ఊదేలా పెట్టి గది తలుపు తెరిచి ఉంచండి, ఇంటి మిగతా భాగం నుంచి గాలి లోపలికి వస్తుంది.

ఈ సూత్రం అన్ని ఇళ్లకూ పనికిరాదు. రేకు కప్పు కింద పగలు లోపలే బయటికంటే వేడిగా ఉంటుంది, అక్కడ మూసుకుని కూర్చోవడం ప్రమాదం. చిన్న గదిలో చాలామంది ఉన్నా, లోపల వంట సాగుతున్నా అంతే, తెరవాల్సిందే.

ఇక తెరలు. చాలామంది మందపాటి కర్టెన్లకు డబ్బు పోస్తారు. ఏమీ లేనిదాని కంటే నయమే గాని, ఎండ గాజు దాటి వచ్చి కర్టెన్‌ను వేడి చేశాక ఆ వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది. ఎండను గాజుకు బయటే ఆపాలి. చాప, చెక్క తలుపు, పాత దుప్పటి, ఏదైనా సరే. ముందు తూర్పు, పడమర కిటికీలు చూసుకోండి. అక్కడ ఎండ ఏటవాలుగా వస్తుంది, పైన ఉన్న సన్‌షేడ్ దాన్ని ఆపలేదు.

అపోహ: ఫ్యాను గదిని చల్లబరుస్తుంది

చల్లబరచదు. మామూలు సీలింగ్ ఫ్యాను 50 నుంచి 75 వాట్లు తీసుకుని, చివరికి అదంతా వేడిగానే గదిలో వదులుతుంది. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను ఒక చిన్న హీటరు. అది చల్లబరిచేది మనిషిని, అదీ చెమటను ఆరబెట్టి.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. గంటకు 150 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆవిరైతే చాలు, ఆ వేడంతా పోతుంది. ఒంటి మీద నుంచి బొట్లుగా కారిపోయిన చెమట వల్ల మాత్రం లాభం లేదు. చర్మం దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉంటే, ఫ్యాను ఒక చేత్తో చెమట ఆరబెడుతూ ఇంకో చేత్తో వేడిని ఒంటికి పూస్తుంది. ఎక్కడో ఒకచోట నష్టం లాభాన్ని మించుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చెమట తక్కువ పట్టే వృద్ధులకు ఆ హద్దు ఇంకా కిందే ఉంటుంది. చెమట చేయలేని పనిని నీళ్లతో చేయించవచ్చు. చేతులు, మెడ, కాళ్లు మాటిమాటికీ తడుపుకుంటూ ఉండాలి, తడి బట్ట కప్పుకోవాలి. ఫ్యాను కంటే ముందు నేను నమ్మేది ఈ తడినే.

అపోహ: కూలర్ పెట్టి తలుపులన్నీ మూసేస్తే గది ఏసీలా చల్లబడుతుంది

కాసేపే. ఆ తర్వాత తేమ నిండి ఉక్కపోత మొదలవుతుంది. కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. గాలిలో ముందే తేమ బాగా ఉన్న చోట కూలర్ చేయగలిగింది తక్కువ. కిటికీకి తడి దుప్పటి కట్టడమూ ఇదే లెక్క. ఫ్రిజ్ తలుపు తెరిచి ఎదురుగా కూర్చునేవారికి ఒక్క మాట: దాని వెనక నుంచి వచ్చే వేడి, ముందు నుంచి వచ్చే చల్లదనం కంటే ఎక్కువ.

అపోహ: మాకు ఎండలు అలవాటే

అలవాటన్నది నిజమే. వేడిలో ఒకటి రెండు వారాలు గడిపితే చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చల్లటి చోట కొన్ని వారాలు ఉంటే అదంతా పోతుంది. అందుకే వేసవి మొదట్లో వచ్చే వడగాలులు ఎక్కువ దెబ్బతీస్తాయి.

అపోహ: ఒళ్లు కాలిపోతుంటే జ్వరం మాత్ర వేయాలి

ఇది వైద్యుల రంగం. అయినా ఇళ్లలో నేను తరచూ వింటాను కాబట్టి వారు చెప్పేదే చెబుతాను. జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రత పెంచుతుంది, పారాసిటమాల్ దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటికి పోలేక పెరిగింది. అక్కడ ఆ మాత్ర పనిచేయదు, పైగా దెబ్బతిన్న కాలేయానికి అదనపు భారం. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవడమూ తప్పే, శ్రమ వల్ల తగిలిన వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, తూలడం, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా అంబులెన్సుకు ఫోను చేయండి. అది వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ విసరండి. చల్లటి నీళ్ల తొట్టిలో మెడ వరకు ఉంచి, తల పట్టుకోగలిగితే ఇంకా త్వరగా వేడి దిగుతుంది. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.