నెలలు నిండుతుంటే నిద్రెందుకు పట్టదు?

ఏడో నెల దాటిన అమ్మాయి "రాత్రి నిద్ర పట్టడం లేదు" అంటే ఇంట్లో పెద్దవాళ్లు దాదాపు ఒకే జవాబు చెబుతారు. "కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా, కాన్పయితే అన్నీ సర్దుకుంటాయి." ఆ మాటలో ప్రేమ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ అక్కడితో ఊరుకుంటే, రక్తపరీక్షలో కారణం దొరికి మందుతో తగ్గే అవకాశమున్న ఒక బాధ డాక్టరు దాకా వెళ్లకుండానే ఉండిపోతుంది. అది కాళ్ల బాధ.

పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి అన్నం తిని నడుం వాల్చగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, నరాలు గుంజుతున్నట్టు మొదలవుతుంది. నొప్పి అనడానికి లేదు. కాలు కదపకుండా ఉండడం మాత్రం కుదరదు. లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుంది, మళ్లీ పడుకుంటే మళ్లీ వస్తుంది. కదలాలనే ఆరాటం, విశ్రాంతిలో ఎక్కువవడం, కదిలితే తగ్గడం, సాయంత్రం నుంచి ముదరడం: ఈ నాలుగూ ఉంటే డాక్టర్లు దాన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. చివరి మూడు నెలల్లో దాదాపు ప్రతి ఐదుగురు గర్భిణుల్లో ఒకరికి ఇది ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో మాత్రం చాలామంది "కాళ్లు లాగుతున్నాయి" అని ఒక్క ముక్కలో చెబుతారు. అవతలివాళ్లు దాన్ని అలసట కింద రాసుకుంటారు. అందుకే ఎప్పుడు వస్తోంది, నడిస్తే తగ్గుతోందా అన్నది కూడా కలిపి చెప్పాలి.

ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఈ లక్షణాలను వర్ణించాడు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో దీనికి ఇప్పటి పేరు పెట్టి, గర్భంతోనూ ఇనుము లోపంతోనూ సంబంధం ఉందని గమనించాడు. ఆ తర్వాతి పరిశోధన మెదడు వైపు చూపించింది. మన కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఒక ఎంజైము పనిచేయాలి, దానికి ఇనుము కావాలి. మెదడులో ఇనుము తగ్గితే డోపమైన్ వ్యవస్థ అదుపు తప్పుతుంది. గర్భిణిలో ఆ ఇనుముకి గిరాకీ విపరీతం. రక్తం పరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, బిడ్డకీ మాయకీ వాటా వెళ్లాలి. తొమ్మిది నెలలకూ కలిపి సుమారు 1 గ్రాము అదనపు ఇనుము కావాలి. ఈస్ట్రోజన్ వంటి హార్మోన్లు పెరగడానికీ, వంశంలో ఈ లక్షణం ఉండడానికీ కూడా పాత్ర ఉంది. అయితే మన చేతిలో ఉన్నది ఇనుమే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సుమారు 52 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 దాటిందని చీటీలో చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఆ నిల్వలను చూపించేది ఫెరిటిన్ పరీక్ష. లీటరు రక్తంలో అది 30 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే లోపమే. కాళ్ల ఆరాటం ఉన్న గర్భిణికి 75 కంటే తక్కువున్నా ఇనుము ఇవ్వాలని ఈ జబ్బు నిపుణుల సూచన. విశాఖలో కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్లినా, వన్‌టౌన్‌లో మనం ఘోషాసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లినా "ఫెరిటిన్ చూద్దామా డాక్టరు గారూ" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చేసే పరీక్షల రోజు కూడా ఈ మాట ఎత్తడానికి మంచి సందర్భం.

ఐరన్ మాత్ర చేతికిచ్చినా మింగనివ్వని నమ్మకం ఒకటి మన ఇళ్లలో ఇంకా ఉంది: వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందట. బిడ్డ రంగు అమ్మానాన్నల జన్యువుల నుంచి వస్తుంది. నల్లబడేది విరేచనం మాత్రమే, అది కూడా ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము వల్ల. ఇలాంటి మాటకి భయపడి ఒక తల్లి మాత్రలు గోడవతల పారేస్తుంటే చూసి ఊరుకోలేం. మాత్ర వేసుకున్నాక కనీసం గంటసేపు టీ, కాఫీలు వద్దు, వాటిలోని పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి. కాల్షియం మాత్రకీ దీనికీ రెండు గంటల ఎడం కావాలి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. తోటకూర, మునగాకు మంచివే. కానీ చేపల్లో, మాంసంలో ఉండే ఇనుము ఒంటికి ఇంకా తేలిగ్గా పడుతుంది. మన తీరంలో చవగ్గా దొరికే నెత్తళ్లు, కవళ్లు తినే అలవాటున్నవాళ్లు వాటిని మానక్కర్లేదు. మాత్ర పడనివాళ్లకి, లోపం ఎక్కువున్నవాళ్లకి సెలైన్‌లో ఎక్కించే ఇనుము ఉంది.

నిద్ర కోసమని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలతో జాగ్రత్త. జలుబుకీ దురదకీ వాడే, మత్తొచ్చే రకం అలర్జీ మాత్రలు, కొన్ని వాంతుల మందులు కాళ్ల ఆరాటాన్ని ఇంకా పెంచుతాయి. నిద్ర కోసం వేసుకున్న మందే ఆ కాస్త నిద్రనూ పోగొడుతుంది.

ఈ రాత్రికి ఉపశమనం కావాలంటే పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్లు పోసుకోవడం, ఎవరైనా కాసేపు కాళ్లు పట్టడం మేలు చేస్తాయి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయడం కూడా మంచిదే. అర్ధరాత్రి పిక్క బిగుసుకుని ప్రాణం పోయినంత పనవడం మాత్రం వేరే సమస్య, అది కండరం పట్టేయడం. పాదాన్ని మోకాలి వైపు వంచి పట్టుకుంటే వదులుతుంది.

విశాఖలో దీనికి ఉక్క తోడవుతుంది. పగలు సముద్రం మీంచి వచ్చే గాలి రాత్రికి దిశ మార్చుకుని, నేల మీంచి నీటి వైపు బలహీనంగా వీస్తుంది. మే నెల రాత్రుల్లో వేడి 27, 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, గాలిలో తేమ నిండి ఉంటుంది. గర్భిణి ఒంట్లో మామూలుగానే ఎక్కువ వేడి పుడుతుంది. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త దిగాలి, చెమట ఆరకపోతే అది దిగదు. పాతపోస్టాఫీసు దగ్గరి ఇరుకు ఇళ్లలోనైనా, మధురవాడ అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తులోనైనా, పగలంతా కాలిన స్లాబు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఏసీ లేని ఇంట్లో టేబుల్ ఫ్యాను నేరుగా ఒంటికి తగిలేలా పెట్టి, మెడా చేతులూ తడిగుడ్డతో తుడుచుకుంటే చెమట చేయాల్సిన పని ఆ నీళ్లు చేస్తాయి. ఇంట్లో చల్లటి గది ఒక్కటే ఉంటే అది ఆమెకే ఇవ్వాలి.

పడుకునే తీరు గురించి భయాలు చాలా ఉన్నాయి. వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి, వెన్ను పక్కన పైకి వెళ్లే పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రపోయినవాళ్లలో బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు రెండు రెట్లకు పైగా ఉందని 2017లో బ్రిటన్ అధ్యయనం ఒకటి చెప్పింది. ముప్పు మొత్తం మీద తక్కువే, అయినా పక్కకి తిరిగి పడుకోవడం ఖర్చు లేని జాగ్రత్త. ఎడమైనా కుడైనా పరవాలేదు. మధ్యలో మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా, కంగారు పడకుండా మళ్లీ పక్కకి తిరగండి, చాలు.

ఇక పక్క మారాలంటే ప్రతిసారీ లేచి కూర్చుని తిరగాలని, లేకపోతే బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటుందని చెప్పే మాట నిజం కాదు. పుట్టే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి మెడకి బొడ్డుతాడు చుట్టుకునే ఉంటుంది, బిడ్డ లోపల తిరగడం వల్ల. ఎక్కువమందికి దాంతో ఏ హానీ ఉండదు. ఈ ఒక్క భయంతో ఎంతోమంది రాత్రికి పదిసార్లు లేచి కూర్చుంటున్నారు. మోకాళ్లు రెండూ దగ్గర పెట్టుకుని పడుకునే తిరిగితే నడుంనొప్పీ తగ్గుతుంది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే ఇంకా నయం.

ఛాతీలో మంటకి రాత్రి భోజనం పెందలాడే ముగించి, తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. రాత్రి పదేపదే ఒంటేలుకి లేవడానికి ఒక కారణం, పగలు కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి రావడం. సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే ఆ నీరు ముందే దిగిపోతుంది. నీళ్లు తాగడం మాత్రం తగ్గించకూడదు.

కొన్ని లక్షణాలకి తెల్లవారే దాకా ఆగకూడదు: తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉన్నట్టుండి వాయడం, డొక్కల కింద నొప్పి, ఒక కాలే వాచి నొప్పెట్టడం, బిడ్డ కదలికలు తగ్గడం. అప్పుడు 108కి ఫోన్ చేయాలి. దద్దుర్లు లేకుండా అరచేతులూ అరికాళ్లూ రాత్రిపూట విపరీతంగా దురద పెడితే కాలేయానికి సంబంధించిన సమస్య కావచ్చు, మర్నాడే పరీక్ష చేయించాలి. కొత్తగా పెద్ద గురక మొదలైతే డాక్టరుకి చెప్పాలి, అది బీపీతో ముడిపడి ఉండొచ్చు.

రాత్రి పోయిన నిద్రలో కొంతైనా మధ్యాహ్నం దక్కేలా చూడడం ఇంటిల్లిపాది పని. ఆ గంట ఆమెను లేపకుండా వంట ఎవరో ఒకరు చూసుకోవాలి. కాళ్ల ఆరాటం కాన్పయిన కొద్ది వారాల్లో చాలామందికి పోతుంది, తర్వాతి గర్భంలో మళ్లీ రావచ్చు. అందుకే తల్లీబిడ్డల కార్డులో ఆ సంగతి, ఫెరిటిన్ అంకెతో సహా రాయించి పెట్టుకోండి. ఈసారి ఏడో నెలలో తెలిసింది వచ్చేసారి మూడో నెలలోనే చూసుకోవచ్చు.