పింకర్టన్: యుద్ధకాలపు వేగుల పెద్దపై అపోహలు, వాస్తవాలు

ప్రైవేటు డిటెక్టివ్ పనిలోకి కొత్తగా వచ్చే యువకులందరికీ అలన్ పింకర్టన్ పేరు తెలిసే ఉంటుంది కానీ, వారు విన్నదానిలో చాలాభాగం కట్టుకథే. 1819లో గ్లాస్గోలో పుట్టి, పీపాలు తయారుచేసే పని నేర్చుకుని, 1842లో అమెరికాకు వలస వెళ్లి, షికాగోలో డిటెక్టివ్ సంస్థ పెట్టిన ఈయన, అంతర్యుద్ధంలో 1861–62 మధ్య ఉత్తరాది సేనాని మెక్‌క్లెల్లన్ వద్ద వేగుల పెద్దగా పనిచేశాడు.

అపోహ: అమెరికా సీక్రెట్ సర్వీస్ స్థాపకుడు ఆయనే.

వాస్తవం: కాదు. ఆ సంస్థ 1865 జూలైలో దొంగనోట్లను అరికట్టడానికి ఖజానా శాఖ కింద ఏర్పడింది. తొలి అధిపతి విలియం వుడ్. ‘మేజర్ ఇ. జె. అలెన్’ అన్నది కూడా పింకర్టన్ మారుపేరే తప్ప సైన్యం ఇచ్చిన హోదా కాదు.

అపోహ: వేగు పని అంటే మారువేషంలో శత్రుశిబిరంలోకి చొరబడడమే.

వాస్తవం: అలా వెళ్లినవారు కొద్దిమందే. ఆయనకు అందిన సమాచారంలో ఎక్కువభాగం యుద్ధఖైదీలను, సైన్యం విడిచి పారిపోయి వచ్చినవారిని, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతివారిని కూర్చోబెట్టి, ఏ రెజిమెంటు ఎక్కడ దిగింది, ఎన్ని ఫిరంగులున్నాయి అని ఓపికగా అడిగి రాసుకున్నదే. మా డిటెక్టివ్‌ల పని ఈనాటికీ ఇంతే. చూసేవారికి విసుగు పుట్టించేలాగే ఉంటుంది.

అపోహ: శత్రుబలాన్ని పెంచి చెప్పి మెక్‌క్లెల్లన్‌ను బెదరగొట్టింది పింకర్టన్ ఒక్కడే.

వాస్తవం: 1862 జూన్‌లో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ వద్ద ఆ పక్షపు సేనాని లీ సేన సుమారు 90 వేలు కాగా, పింకర్టన్ లెక్క 1,80,000 దాటింది. ఇది చిన్న తప్పేమీ కాదు. అయితే పింకర్టన్ నివేదికలు మొదలుకాకముందే, 1861 ఆగస్టు 8న, ఎదుట లక్షమంది ఉన్నారని రాసినవాడు మెక్‌క్లెల్లనే. 1862 జూన్ 25న ఆ సంఖ్యను 2 లక్షలు చేసి వాషింగ్టన్‌కు తంతి కొట్టినవాడూ ఆయనే. శత్రుసైనికుల్లో ఎవరూ లెక్కలోంచి తప్పిపోకూడదని అంకెలను కావాలనే పెద్దవిగా వేస్తున్నామని 1861 నవంబరు నివేదికలో పింకర్టన్ స్వయంగా ఒప్పుకున్నాడు. క్లయింటు మనసులో ముందే ఉన్న జవాబును నివేదికలో పెట్టి ఇవ్వడం మా వృత్తికి పాత జబ్బు; నేనూ తొలి రోజుల్లో ఆ మొహమాటానికి లోనైనవాడినే.

అపోహ: పింకర్టన్ వేగు టిమతీ వెబ్‌స్టర్ సహచరుల పిరికితనం వల్లనే ఉరికంబమెక్కాడు.

వాస్తవం: దక్షిణాది వారికి ఉత్తరాలు చేరవేసేవాడిగా నటించి, వారి అధికారుల నమ్మకం గెలిచిన వెబ్‌స్టర్ రిచ్‌మండ్‌లో కీళ్లవాతంతో మంచానపడ్డాడు. కబురు ఆగిపోవడంతో పింకర్టన్ 1862 ఫిబ్రవరిలో తన వేగులు ప్రైస్ లూయిస్‌ను, జాన్ స్కల్లీని అక్కడికి పంపాడు. వాషింగ్టన్‌లో వారిద్దరూ అంతకుముందు సోదా చేసిన ఇంటివారు అప్పటికే రిచ్‌మండ్ చేరి ఉన్నారు. చూడగానే గుర్తుపట్టి పట్టించారు. ఉరిశిక్ష పడ్డాక లూయిస్, స్కల్లీ వెబ్‌స్టర్ గురించి నోరు విప్పిన మాట నిజమే. కానీ ఒకసారి ముఖం బయటపడిన మనిషిని మళ్లీ అవతలి పక్షం మధ్యకు పంపకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం, దాన్ని మరిచింది పంపినవాడే. వెబ్‌స్టర్‌ను ఏప్రిల్ 29న ఉరితీశారు. మొదటిసారి ఉచ్చు జారిపోవడంతో రెండోసారి ఎక్కించారు. లూయిస్, స్కల్లీ 1863లో విడుదలయ్యారు. వెబ్‌స్టర్ అవశేషాలను మాత్రం 1871లో ఇల్లినాయ్‌లోని ఒనార్గాకు తీసుకువచ్చారు.