మీ ఫోన్లో లిథియం ఎక్కడిది?

పర్లాకిమిడి

పిల్లలూ,

ఫోన్ బ్యాటరీలో లిథియం ఎక్కడినుంచి వచ్చిందని చిన్నోడు అడిగాడు. గనిలోంచి అన్నాను. "గనిలోకి ఎలా వచ్చింది తాతా?" అన్నాడు. ఫోన్లో చెప్తే సగం వినబడదు, సగం మీరు వినరు. అందుకే రాస్తున్నాను. రాయగడలో ఒడియా బడిలో చదువుతున్నారు కాబట్టి తెలుగు తడుముకుంటారేమో, పెద్దదే చదివి వినిపించాలి.

కార్బన్, ఆక్సిజన్, ఇనుము నక్షత్రాల్లో తయారయ్యాయని పుస్తకాల్లో చదివే ఉంటారు. లిథియం దగ్గర లెక్క తిరగబడింది. నక్షత్రం దాన్ని చెయ్యడం మాట అటుంచి, ఉన్నదాన్నే తినేస్తుంది. సుమారు 25 లక్షల డిగ్రీల వేడి చాలు, ప్రోటాన్ వచ్చి గుద్దగానే లిథియం రెండు హీలియం ముక్కలవుతుంది. అన్నం ఉడికేటప్పుడు పైగింజ కిందికీ అడుగుది పైకీ తిరుగుతుంది కదా, నక్షత్రంలో వాయువూ అంతే. పైనున్న లిథియం వేడిలోకి దిగి కాలిపోతుంది. సూర్యుడితో పాటే పుట్టిన ఉల్కల్లో ఉన్నదాంతో పోలిస్తే సూర్యుడి ముఖాన మిగిలింది దాదాపు 150వ వంతే!

1380 కోట్ల ఏళ్ల కిందట, విశ్వం మొదలైన మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) తొలి నిమిషాల్లోనే హైడ్రోజన్, హీలియంతో పాటు చిటికెడు లిథియం పుట్టింది. 1982లో ఫ్రాన్స్‌కు చెందిన స్పీట్ దంపతులు ముసలి నక్షత్రాలు చాలావాటిలో లిథియం ఇంచుమించు ఒకే మోతాదులో ఉందని చూపించారు. లెక్క ప్రకారం ఉండాల్సింది దానికి మూడింతలు. మిగతాది ఏమైందో ఇంకా తేలలేదు. నాకైతే ఈ కథలో ఇష్టమైన చోటు ఇదే.

ఉల్కల్లో మాత్రం ఆ ముసలి నక్షత్రాలకన్నా పదింతలు ఉంది. అంటే తర్వాత ఎవరో చేశారన్నమాట. కొంత కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో మహా వేగంగా దూసుకుపోయే కణాలు, కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలను పగలగొట్టడం వల్ల వచ్చింది. పెద్ద వాటా నోవాలది, అంటే ఉన్నట్టుండి భగ్గుమనే నక్షత్రాలది, కావచ్చని అంచనా. శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, పక్కదాని వాయువును లాక్కుంటుంది, అది పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు పుట్టేది బెరీలియం-7 అనే నిలకడలేని పదార్థం. అది బయటికి ఎగిరిపోయి, 53 రోజులకు సగం చొప్పున, చల్లని చోట లిథియంగా మారుతుంది. కాలిపోయే ముప్పు ఉండదు. 2013 ఆగస్టులో డెల్ఫినస్ అనే నక్షత్రరాశిలో కంటికి కనిపించేంత నోవా వెలిగితే, హవాయిలోని సుబారు టెలిస్కోపు అందులో ఆ బెరీలియాన్నే పట్టుకుంది. డెల్ఫినస్ అంటే మన ధనిష్ఠ ఉన్న చోటు. దసరా సెలవులకు రండి, రాత్రి ఎనిమిదికి మహేంద్రతనయ గట్టున నడినెత్తిన చూపిస్తాను.

ఇంకో సంగతి. 2020లో బెంగళూరు భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఈశ్వర్ రెడ్డి, అక్కడే చదివిన యెర్రా భరత్ కుమార్, మరికొందరు కలిసి వేల నక్షత్రాల వెలుగును పరిశీలించారు. సూర్యుడిలాంటివి ముసలితనంలో, నడిగర్భంలో హీలియం అంటుకున్నాక, మళ్లీ లిథియం కూడబెడతాయని తేలింది. తినేసేదే చేస్తుందన్నమాట! ఎలాగన్నది ఇంకా వాదనలోనే ఉంది.

జవాబు ఒడియాలో రాసినా పరవాలేదు, చదువుకుంటాను.

మీ తాతయ్య